నాంపల్లి చాచాకు, ఇంకా కొంతమందికి

పాప బర్త్ సర్టిఫికెట్, మా మ్యారేజ్ సర్టిఫికెట్... రెండింటి వెనకా అపోస్టిల్ స్టిక్కర్లు (మన కాగితాలు వేరే దేశంలో చెల్లడానికి విదేశాంగ శాఖ వేసేవి) పడి ఇవాళ సాయంత్రం చేతికొచ్చాయి. కాళ్ళు పీకుతున్నాయి, నిద్ర ముంచుకొస్తోంది. అయినా రేపు రాద్దాంలే అనుకుంటే ఇంక రాయను, నా సంగతి నాకు తెలుసు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. మా ఆయనకి ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం. నేనూ పాపా అక్కడికి వెళ్ళాలంటే మా పెళ్ళీ, పాప పుట్టుకా నిజమేనని నెదర్లాండ్స్ వాళ్ళు నమ్మాలి. వాళ్ళు నమ్మాలంటే మన విదేశాంగ శాఖ స్టిక్కర్ కావాలి. ఆ స్టిక్కర్ పడాలంటే ముందు రాష్ట్ర ప్రభుత్వం అటెస్ట్ చేయాలి. అది జరగాలంటే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన ఆఫీసరు నమూనా సంతకం వాళ్ళ దగ్గర ఉండాలి. మా బండి అక్కడే ఆగిపోయింది.

ఇంట్లోవాళ్ళకి థాంక్స్ చెప్తే నవ్వుతారు. అమ్మ పాపని చూసుకుంది, నాన్న క్యూల్లో నిలబడ్డారు, మా ఆయన రాత్రనక పగలనక ఫోన్లోనే ఉన్నారు. సరే. నేను చెప్పాల్సింది చాచా గురించి.

ఆ రోజు కౌంటర్‌లో పాప సర్టిఫికెట్ వెనక్కి తోసేశారు. సంతకం పెట్టినాయన బదిలీ అయ్యారట, ఆయన నమూనా వీళ్ళ ఫైల్లో లేదట. "ఇప్పుడున్నవాళ్ళతో పెట్టించుకుని రండి" అని నా వెనకాయన్ని పిలిచేశారు. బయటికి రాగానే ఒక ఏజెంటు తగులుకున్నాడు. ఎంబసీ ముద్రతో సహా అన్నీ తనే చూసుకుంటానని ఒక రేటు చెప్పాడు. గుండె గుభేలుమంది, అయినా ఒప్పేసుకుందామనే అనిపించింది, అంత విసిగిపోయి ఉన్నాను. అతనికి ఇవ్వడానికి కాపీలు తీయించుకుందామని నాంపల్లిలో ఒక సందులోని టైపింగ్, జిరాక్స్ షాపుకి వెళ్ళాను. "ఎన్ని కాపీలు?" అని అడిగితే జవాబు చెప్పబోయి ఏడ్చేశాను.

షాపులో ఉన్న పెద్దాయన కంగారుపడలేదు. స్టూలు జరిపి, టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పి, "ఏ దేశం బేటా?" అన్నారు. అప్పటిదాకా ఆ ముక్క ఒక్కరూ అడగలేదు!

నెదర్లాండ్స్ అనగానే చెయ్యి అడ్డంగా ఊపారు. "దుబాయ్, కువైట్ అయితే ఎంబసీ ముద్ర కావాలె. నీకు అక్కర్లే. ఈ స్టిక్కర్ ఒక్కటే చాలనే హేగ్ ఒప్పందంల వాళ్ళు ఉన్నరు, మనం కూడా 2005ల చేరినం. అరె, ఆ హేగ్ వాళ్ళ ఊరే కదా!" అని ఆయనే పకపకా నవ్వారు. గల్ఫ్ వెళ్ళేవాళ్ళ కాగితాలు టైప్ చేసీ చేసీ ఇదంతా ఆయనకి కంఠతా వచ్చేసింది.

తర్వాత నా పాస్‌పోర్టూ పాప సర్టిఫికెట్టూ పక్కపక్కన పరిచి, ఒక స్టీలు స్కేలు తీశారు. అంకెలన్నీ అరిగిపోయిన పాత స్కేలు. ఒక్కో లైను కింద అది ఆనించి, పెన్సిల్ మొన ఒక్కో అక్షరం మీద పెట్టి, పెదాలు కదుపుతూ చదివారు. మా పేర్లు, ఆసుపత్రి అడ్రసు, తేదీలు. నా పేరు దగ్గర పెన్సిల్ ఆగింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంది. "ఎట్లాగూ కొత్త సంతకం కావాలె కదా, గీ పేరు కూడా ఇప్పుడే సరి చేయించుకో. స్టిక్కర్ పడ్డంక ఎవరన్న అడిగితే మళ్ళ మొదటికే" అని అప్పటికప్పుడు అర్జీ టైప్ చేసిచ్చారు. కొత్త సర్టిఫికెట్‌కి లామినేషన్ మాత్రం చేయించవద్దని, దాని మీద ముద్ర పడదని మరీ మరీ చెప్పారు.

ఇంతలో నమాజు వేళయింది. నన్ను అక్కడే కూర్చోమని, "ఎవరన్న వస్తే ఆగమను" అని చెప్పి వెళ్ళిపోయారు. గల్లాపెట్టె నా మోచేతి పక్కన ఉంది. తాళం కూడా లేదు. పొద్దున్నుంచి ప్రతి కౌంటర్‌లోనూ నన్ను దొంగని చూసినట్టు చూశారు, నా పెళ్ళి కాగితం నాదేనా అన్నట్టు. ఈయనేమో ముక్కూమొహం తెలియని దాన్ని షాపులో కూర్చోబెట్టి వెళ్ళిపోయారు. ఒక కుర్రాడు హాల్‌టికెట్ జిరాక్స్‌కి వస్తే ఆగమనడం ఎందుకని నేనే తీసిచ్చి డబ్బులు పెట్టెలో వేశాను. ఆ తర్వాత ఏడుపు ఎక్కువైంది, అది వేరే రకం ఏడుపు.

తిరిగొచ్చాక ఐదు వందల నోటు ఇవ్వబోతే మొహం చిట్లించారు. ఒక పేజీ టైపింగ్ డబ్బులే తీసుకున్నారు. జిరాక్స్ తీసినందుకు నాకు జీతం బాకీ అని జోకు కూడా వేశారు.

ఇప్పుడు కడుపుమంట కూడా కక్కేస్తాను. అపోస్టిల్ అనేది కాగితంలో రాసింది నిజమని చెప్పదు. ఆ సంతకం, ఆ ముద్ర అసలువేనని మాత్రమే చెప్తుంది. మరి ఆఫీసరు మారితే కొత్త నమూనాలు పంపుకోవాల్సింది ఆఫీసులు కదా, మధ్యలో నేనెందుకు తిరగాలి? స్టిక్కర్‌కి ప్రభుత్వ ఫీజు కాగితానికి 50 రూపాయలే. మన దగ్గర నేరుగా తీసుకోరు, విదేశాంగ శాఖ గుర్తించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి, వాళ్ళ సర్వీసు చార్జీ వేరు. 2019 నుంచి హైదరాబాద్‌లోనే వేస్తున్నారు, ఢిల్లీ పంపే పని లేదు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసి గోడకి అంటిస్తే ఆ ఏజెంటుకి గిరాకీ ఉంటుందా? ఈ అటెస్టేషన్ పనులకి ఈ-సనద్ అని ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది, కానీ సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసు అందులో చేరి ఉంటేనే మనకి ఉపయోగం. అన్నట్టు, జర్మనీ వెళ్ళేవాళ్ళు నా పోస్టు చూసి మోసపోకండి. వాళ్ళూ అదే ఒప్పందంలో ఉన్నారు గానీ మన చేరికకి అభ్యంతరం చెప్పారు, కాబట్టి అక్కడికి మన స్టిక్కర్ పనికిరాదు.

చాచాకి ఈ పోస్టు చేరదు. ఆయనది బటన్ల ఫోను. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవడం రాదట. వెళ్ళే ముందు ఒకసారి షాపుకెళ్ళి నేనే చదివి వినిపిస్తాను.

అయ్యో, ఆ కొత్త ఆఫీసరు మేడమ్‌ని మర్చిపోయాను! లంచ్‌కి లేచినావిడ, పాప నా చంకలో నిద్రపోవడం చూసి మళ్ళీ కూర్చుని సంతకం పెట్టారు. తిట్టిన నోటితోనే ఈ మాటా చెప్పాలి కదా. నా షిఫ్టులు చేసిపెట్టిన కొలీగ్ కూడా ఉంది, పార్టీ ఇస్తాను తల్లీ. పై ఫ్లోర్ ఆంటీ పంపిన పప్పుచారుకీ థాంక్స్. ఏజెన్సీలో రసీదు నంబరు ఫోన్లో ఓపిగ్గా వెతికి చెప్పిన అమ్మాయికి కూడా. ఇంకా మా వాచ్‌మన్ భార్య. కొరియర్ వచ్చినప్పుడు నేను లేకపోతే కవరు తీసుకుని, పిల్లలు ముట్టుకోకుండా బియ్యం డబ్బా మీద పెట్టి ఉంచింది. పేరు రాస్తానంటే, "ఫోన్ల పెట్టకమ్మా, మా ఆయన తిడతడు" అంది. అందుకే రాయలేదు.