కురిడీ కాయలు, చాక్లెట్ పెట్టె

అంబాజీపేట,
మార్గశిరం, బుధవారం

అమ్మలూకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. గౌరి ఈనింది, పెయ్యదూడ. మామ్మకు మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది. నువ్వు రాసిచ్చిన ప్రకారమే మాత్రలు వేస్తున్నాం. ఈమధ్య నువ్వు అడగడం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆగస్టు నుంచి నీ ఫోను రెండు నిమిషాలు దాటడం లేదు. డ్యూటీలు ఎక్కువై ఉంటాయి.

మొన్న చంటి వచ్చాడు. శంషాబాద్ విమానాశ్రయంలో నిన్ను చూశానన్నాడు. సామాను వచ్చే చోట బండి తోసుకుంటూ వెళ్తున్నావట, సంచిలోంచి చాక్లెట్ పెట్టెలు పైకి కనిపిస్తున్నాయట, పిలిచేలోపే జనంలో కలిసిపోయావట. సంక్రాంతి దాకా సెలవు లేదని నువ్వే చెప్పావు కదా, ఎవరిని చూసి ఎవరనుకున్నావో అన్నాను వాడితో. మీ అమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేనేమీ అడగడం లేదు. వాడు చెప్పింది రాశానంతే.

కోకో కాయలు కోస్తున్నాం. గింజలు పెట్టెల్లో పులియబెట్టి ఇవాళ్టికి నాలుగో రోజు. రోజు విడిచి రోజు తిరగేయాలి. గోనెపట్టా ఎత్తగానే ఆవిరితోపాటు పుల్లటి వాసన గుప్పుమంటుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. చిన్నప్పుడు నువ్వు ఆ తెల్లటి గుజ్జు చప్పరించి, గింజలు గట్టు మీద ఉమ్మేసేదానివి. 2024 వేసవిలో కిలో వెయ్యి రూపాయల దాకా పలికిన గింజ ఏడాది తిరిగేసరికి సగానికి పడిపోయింది. సరే, నీతో ధరల మాట ఎత్తకూడదనుకున్నాను.

ఒకవేళ ఆ చాక్లెట్లు నీవే అయితే ఎక్కడ పెట్టావమ్మా? అందులో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మన ఒంటి వేడి చాలు. చలికాలమే కదా అని బస్సు డిక్కీలో పడేయకు, ఒళ్లో పెట్టుకో. సీసాల్లో అమ్మే చాక్లెట్ ముద్ద చేతిసంచిలో పెట్టి తనిఖీకి వెళ్లకు, 100 మిల్లీలీటర్లు దాటితే ద్రవాల కింద లెక్కగట్టి తీసేస్తారు. కొన్నింటి లోపల మద్యం నింపుతారు, అట్ట మీద చదివి కొనాలి. మామ్మ తెలియక నోట్లో వేసుకుంటే ఆ బాధ ఎన్నాళ్లకూ తీరదు. నర్సువి, ఎడారి దేశంలో ఒక్కదానివే నెట్టుకొస్తున్నదానివి, నీకు ఇవన్నీ నేను చెప్పాలా అంటావు. చెప్పకుండా ఉండలేను.

నువ్వు హైదరాబాదులో పనిచేసేటప్పుడు నాకు విమానం టికెట్ తీసి పంపావు, గుర్తుందా? మీ అమ్మ అటక ఎక్కి, ఏడాదిగా ఎండిన కురిడీ కొబ్బరికాయలు ఒక్కొక్కటీ చెవి దగ్గర ఆడించి, లోపల గుడుగుడుమన్నవే పన్నెండు ఏరింది. డొక్క ఒలిచి, చిప్ప కొట్టి, గుండ్లు పగలకుండా తీసి, పాత చీర ముక్కలో మూట కట్టింది. మధురపూడి విమానాశ్రయంలో పెట్టె యంత్రంలోంచి వెళ్లాక నన్ను పక్కకు పిలిచారు. ఎండు కొబ్బరి విమానంలో కుదరదన్నారు. నూనె ఎక్కువ, వేడికి దానంతట అదే రాజుకోవచ్చట. చిన్నవాడే, మర్యాదగానే చెప్పాడు. "మా అటక నిండా ఇవే ఉంటాయి బాబూ, ఇన్నేళ్లలో ఒక్కటీ అంటుకోలేదు" అన్నాను. నిబంధన అన్నాడు. మూట విప్పి పన్నెండు గుండ్లూ ఆ బల్ల మీద నేనే పేర్చి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాను. లోపలికి వెళ్లి కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూతురి గడపలోకి ఉత్త చేతులతో ఎలా వెళ్తాను? ఎదురుగా చిన్న దుకాణం కనిపించింది. బంగారు కాగితం చుట్టిన చాక్లెట్ పెట్టె చూపించి ఇమ్మన్నాను. ధర అడగలేదు. నువ్వు దాన్ని విప్పకుండా ఆరు నెలలు నీ మంచం పక్కన ఉంచుకున్నావని నీ గదిలో ఉండే అమ్మాయి తర్వాత చెప్పింది.

అప్పుడు ధర అడగనివాణ్ణి, ఈ ఆగస్టులో నువ్వు దోహా విమానాశ్రయంలో కొని తెచ్చిన పెట్టె వెనక చీటీ ఎందుకు చదివానో. 60 రియాళ్లా, మన 3 కిలోల గింజలమ్మితే ఒక పెట్టె వస్తుందన్నమాట, అని పెద్దత్త ముందు అన్నాను. గింజ ధర పడిపోయిన కడుపుమంట అది తల్లీ, నీ మీద కోపం కాదు. పైగా ఆ పెట్టెను ఫ్రిజ్‌లో పులస పులుసు పక్కన పెట్టాం, ఆ వాసనంతా పట్టేసింది. తెల్లటి పొర కట్టిందని మామ్మ బూజు అనుకుని పారబోయబోతే ఆపాను. కరిగి మళ్లీ గడ్డకడితే వెన్న అలా పైకి తేలుతుంది, అంతే. నువ్వు వెళ్లాక రోజుకొకటి చొప్పున అన్నీ నేనే తిన్నాను. నీకు చెప్పలేదు.

చంటి సోమవారం మళ్లీ హైదరాబాదు వెళ్తున్నాడు. ఆత్రేయపురం నుంచి బెల్లం పూతరేకులు తెప్పించి వాడికిచ్చి పంపుతున్నాను. నీ పాత నంబరుకే ఫోను చేస్తాడు, ఎత్తు. పెట్టెలో పెడితే నలిగిపోతాయి, చేతిలోనే పట్టుకో. నువ్వు అక్కడ లేకపోతే వాడినే తినేయమన్నాను.

మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా ఒకటి మీ అమ్మ కడిగి ఎండబెట్టింది. ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేశాం, చేపలు కింది అరలోకి మార్చాం.

నాన్న