మాస్టు విరిగితే తప్పు పిల్లాడిదేనా?

సంపాదకులకు,

అయ్యా, పోయిన వారం మీ జిల్లా పేజీలో విండ్‌సర్ఫింగ్ (తెరచాప కట్టిన పలక మీద నిలబడి నీటిపై సాగే ఆట) శిక్షణలో మాస్టు, అంటే తెరచాపను నిలబెట్టే గొట్టం, విరిగిన వార్త వచ్చింది. 'విద్యార్థి అజాగ్రత్తే కారణం' అని హెడ్డింగు కూడా పెట్టారు. విషయం తెలిసినవాళ్లెవరైనా రాస్తారేమోనని ఆరు రోజులు చూశాను. ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

విశాఖలో 22 ఏళ్లుగా ఫైబర్ బోట్లు రిపేరు చేస్తున్నాను. రెజిన్, గ్లాస్ మ్యాట్, కార్బన్ బట్ట నాకు రోజూ చేతిలో పని. ఆ కుర్రాడు మా వీధివాడే. మీరు పేరు వేయకపోయినా ఎవరి గురించో ఇక్కడ అందరికీ తెలుసు. వాళ్లమ్మ మూడు రోజులు కుళాయి దగ్గరికే రాలేదు.

విరిగిన మాస్టు నేను కళ్లారా చూశాను. రెండు ముక్కలుగా వచ్చి, ఒకటి రెండోదాంట్లోకి దిగే రకం అది. సరిగ్గా ఆ అతుకు పైనే విరిగింది. గొట్టంలో వేలు పెట్టి తిప్పితే గోటి కిందికి ఇసుక వచ్చింది. లోపల పొడవునా గీతలు పడి ఉన్నాయి. ఇసుక ఉండగా బిగిస్తే ముక్కలు పూర్తిగా కూర్చోవు. గాలి పట్టినప్పుడు బరువంతా ఒక్క అంచు మీదే పడుతుంది. సరే, ఇసుక దులపకపోవడం పిల్లాడి తప్పే అనుకుందాం. అదే లాటులో వచ్చిన ఇంకో మాస్టును గుడ్డతో శుభ్రంగా తుడిచి నేనే బిగించాను. అయినా రెండు ముక్కల మధ్య నా ఆధార్ కార్డు దూరింది! దానికి ఏ పిల్లాడిని అంటారు?

మాస్టు ఎంత గట్టిదో చెప్పడానికి ఐఎంసీఎస్ అని ఒక కొలత ఉంది. మాస్టును రెండు కొసల దగ్గర ఆనించి, నడిమధ్యన 30 కేజీల బరువు వేలాడదీసి, ఎన్ని సెంటీమీటర్లు కిందికి వంగిందో చూస్తారు. పొడవును ఆ వంపుతో భాగిస్తే వచ్చేదే ఆ అంకె. 430 సెం.మీ. మాస్టు మీద 21 అని రాసి ఉంటే అది సుమారు ఇరవైన్నర సెంటీమీటర్లు వంగాలి. కోచ్‌ని అడిగి తెచ్చిన ఆ రెండో మాస్టును మా షెడ్డులోనే కొలిచాం. 25 కేజీల బియ్యం బస్తాకి 5 కేజీల పంచదార సంచి కట్టి వేలాడదీశాం. 24 సెంటీమీటర్లు వంగింది. అంటే 21 అని రాసి ఉన్న మాస్టు లెక్క కడితే 18 కూడా రాలేదు. గట్టి మాస్టు కోసం కుట్టిన తెరచాపను ఇంత మెత్తటిదానికి కడితే తెరచాప ఆకారం నిలవదు, పిల్లలు దాన్ని అదుపులో పెట్టలేక నానా అవస్థ పడతారు. కొన్న రోజే ఎవరైనా పది నిమిషాలు కూర్చుని కొలిచి ఉంటే ఆ లాటంతా వెనక్కి పోయేది.

మాస్టుల బిల్లులో 75 శాతం కార్బన్ అని ఉంది కదా అని శిక్షణ కేంద్రం వాళ్లు అంటున్నారట. కార్బన్ శాతం చూసి మన్నిక తేల్చేయకూడదు. కార్బన్ ఎక్కువైతే మాస్టు తేలికవుతుంది, వంగినది చురుగ్గా తిరిగి లేస్తుంది. దెబ్బకి ఓర్చుకోవడం వేరే సంగతి. లావుగా ఉండి గోడ పల్చగా ఉన్న మాస్టు దెబ్బ తగిలితే చప్పున పగులుతుంది. ఒడ్డు మీద అలలు విరుచుకుపడే మన దగ్గర, నేర్చుకునే పిల్లలకి, సన్నగా ఉండి గోడ మందంగా ఉండే ఆర్‌డీఎం రకమే నయం. వీళ్లు కొన్నది లావు రకం. పైగా నల్లటి మాస్టుల్ని షెడ్డు బయట మిట్టమధ్యాహ్నపు ఎండలో పడేశారు. చెయ్యి వేస్తే చురుక్కుమంది. రెజిన్ వేడికి మెత్తబడుతుందని మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకి మొదటి నెలలోనే తెలుస్తుంది.

అడిగితే తక్కువ రేటు వేసినవాళ్లకే టెండర్ ఇచ్చామంటారు. స్కూలు బెంచీలకీ ఇదే మాట, బస్ షెల్టర్ రేకులకీ ఇదే మాట. ఏడాది తిరక్కముందే విరిగితే వాడినవాళ్ల మీద రాసేస్తారు. సరుకు దిగినప్పుడు చూసి సంతకం పెట్టిందెవరో ఎవరూ అడగరు. పాతికేళ్ల కిందట స్టోర్స్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, పడవ తెడ్డు కూడా వంచి చూసి గానీ లోపల పెట్టనిచ్చేవారు కాదు. ఇప్పుడు ప్యాకింగ్ కూడా విప్పరు.

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇబాద్ అలీ విండ్‌సర్ఫింగ్‌లో మన దేశానికి కాంస్యం తెచ్చాడు.  ఇంత సముద్రం పక్కన పెట్టుకుని మన పిల్లల చేతికి మనం ఇస్తున్నది ఇలాంటి మాస్టులా? కడుపు మండిపోతోంది.

ఆ హెడ్డింగు వేసినచోటే సవరణ కూడా వేయండి. శిక్షణ కేంద్రంలో ఇంకా 11 మాస్టులు ఉన్నాయి. వాళ్లు ఒప్పుకుంటే ఆదివారం పొద్దున్నే వచ్చి అన్నీ నేనే కొలిచిపెడతాను, పైసా తీసుకోను. రెండు బల్లలు, ఒక టేపు ఉంచితే చాలు. బియ్యం బస్తా నేనే తెచ్చుకుంటాను.

— ఒక బోటు మరమ్మతుదారు, విశాఖపట్నం