ఫోన్ ఎవరికి వస్తుంది?

రాజమహేంద్రవరం,
ఆదివారం.

చి.ల.సౌ. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. వాట్సాప్‌లో రెండు ముక్కలు చెప్పేస్తే పోయేదానికి ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. వాట్సాప్‌లో నువ్వు నన్ను పూర్తి చెయ్యనివ్వవు కదా, "సరే నాన్నా, చూస్తాంలే" అంటావు. కాగితానికి అడ్డు తగలలేవు.

పుణె నుంచి హైదరాబాద్ మారడానికి మీరు చూస్తున్న అద్దె ఇంటి ఫొటోలు, అల్లుడుగారు పంపినవి, చూశాం. నార్సింగిలో ఇరవై రెండో అంతస్తు. కింద ఈత కొలను, పిల్లల పార్కు, క్లబ్‌హౌసు. మీ అమ్మకి బాల్కనీ నచ్చింది, అక్కడ ఒడియాలు పెట్టుకోవచ్చట. నేను మాత్రం మ్యాపు తీశాను. అల్లుడుగారి ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే పక్కనే. నీ ల్యాబు తార్నాకలో, అంటే ఊరికి ఆ చివర. "నీకు దూరం కాదుటే?" అని అడిగితే "పర్లేదు నాన్నా, మేనేజ్ చేస్తా" అన్నావు. ఆ "పర్లేదు" వినే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఆ మాట మన ఇంట్లో ఇంతకుముందు విన్నాను.

మనం 1993లో హైదరాబాద్ వెళ్ళాం. నీకు మూడేళ్ళు. నా ఫ్యాక్టరీ బాలానగర్‌లో. మూసాపేటలో రెండు గదుల ఇల్లు దొరికింది, స్కూటర్ మీద పది నిమిషాలు. మంచి ఇల్లు పట్టానని అందరికీ చెప్పుకున్నాను. రెండేళ్ళకి మీ అమ్మకి మలక్‌పేటలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఇల్లు మారదామా అన్నాను, అనడానికి. "పర్లేదండీ" అంది. ఇంకోసారి అడగలేదు నేను. తొమ్మిదేళ్ళు ఆవిడ పొద్దున్న ఆరున్నరకి ఇల్లు వదిలి, మూసాపేట నుంచి కోఠికి ఒక బస్సు, కోఠి నుంచి మలక్‌పేటకి ఇంకో బస్సు ఎక్కింది. సాయంత్రం మళ్ళీ అదే. నిన్ను పక్కింటి మామ్మగారు చూసుకునేవారు, ఆవిడ చేసిన అటుకుల ఉప్మా రుచి నీకింకా గుర్తే అంటావు.

నీకు గుర్తుండని సంగతి ఒకటి చెప్తాను. నువ్వు రెండో తరగతిలో ఉండగా ఒకరోజు బళ్ళో బాగా జ్వరం వచ్చింది. బడివాళ్ళు ముందు నా ఫ్యాక్టరీకే ఫోన్ చేశారు. బడికీ ఫ్యాక్టరీకీ మధ్య రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. నేనేం చేశానో తెలుసా? మీ అమ్మ పనిచేసే బడి నంబరు ఇచ్చి, ఆవిడకి చెప్పండి అన్నాను. ఆవిడ రెండు బస్సులు మారి వచ్చేసరికి రెండు గంటలు. అంతసేపూ నువ్వు ఆయా పక్కన బెంచీ మీద పడుకుని ఉన్నావట. గేట్ పాస్ అడిగితే ఇచ్చేవారే. అడగాలని తోచలేదు. పిల్ల సంగతి ఆవిడది అని మనసులో ఎక్కడో రాసేసుకున్నాను. ఇల్లేమో నాకు దగ్గర, కబురేమో ఆవిడకి. సిగ్గుపడే విషయమే. ఇన్నేళ్ళూ మీ అమ్మ ఎత్తలేదు, నేను చెప్పలేదు.

అందుకే మీరిద్దరూ అద్దెల సంగతి పక్కన పెట్టి, ముందు ఒక్కదానికి జవాబు చెప్పుకోండి. బుజ్జిదానికి జ్వరం వచ్చి బడి నుంచి ఫోన్ వస్తే ఎవరు వెళ్తారు? "ఎవరికి వీలైతే వాళ్ళు" అనకండి. అలా అన్న ఇళ్ళన్నిటిలోనూ వెళ్ళేది ఎవరో నాకు తెలుసు. ఆ వెళ్ళే మనిషి ఆఫీసుకి దగ్గరగా ఇల్లు, ఇంటికి దగ్గరగా బడి చూడండి. రెండోవాళ్ళు ప్రయాణం చేస్తారు.

నువ్వే వెళ్తానంటే తార్నాక, హబ్సిగూడ, మెట్టుగూడ వైపు చూడు. పాత కాలనీలు, ఈత కొలను ఉండదు. కానీ ఉస్మానియా క్యాంపస్ చెట్ల కింద పొద్దున్నే నడవచ్చు. అల్లుడుగారు వారంలో మూడు రోజులే ఆఫీసుకి వెళ్తారన్నావు, అంటే ఆయనకి ఆరు ప్రయాణాలు. నీ ల్యాబు పని ఇంట్లో కూర్చుంటే అయ్యేది కాదు, నీకు పది. ఈ లెక్క అల్లుడుగారికి చూపించు, లెక్కల మనిషే కాబట్టి ఒప్పుకుంటారు. నాగోలు నుంచి వచ్చే మెట్రో తార్నాకలో ఎక్కితే, అమీర్‌పేటలో మారే పని కూడా లేకుండా నేరుగా రాయదుర్గం. అక్కడితో రైలు అయిపోతుంది. అక్కణ్ణుంచి ఆయన ఆఫీసుకి బస్సో, షేర్ ఆటోనో, కంపెనీ బండో చూసుకోవాలి. ఆ చివరి ముక్కే చిరాకు, వానాకాలం మరీను.

ఆయనే వెళ్తానంటే, నిజంగా వెళ్తానంటే, అటువైపే ఉండండి. నార్సింగి కంటే రాయదుర్గం స్టేషన్‌కి దగ్గరగా, ఓ పావుగంటలో చేరేలా వెతకండి. ఇందులో నీకో లాభం ఉంది. పొద్దున్న ఊరంతా హైటెక్ సిటీ వైపు పోతుంది, నువ్వు ఎదురు వెళ్తావు. రాయదుర్గంలో బండి బయల్దేరుతుంది కాబట్టి కూర్చోవడానికి సీటు కూడా దొరుకుతుంది. తార్నాక నుంచి వెళ్ళే అల్లుడుగారికి ఆ సుఖం ఉండదు, అప్పటికే బండి నిండిపోయి ఉంటుంది. చూశావా, నేను పూర్తిగా నీ పక్షం కాదు.

ఇద్దరికీ మధ్యలో ఉంటుందని అమీర్‌పేట మాత్రం తీసుకోకండి. న్యాయంగానే కనిపిస్తుంది. కానీ మీ ఇద్దరూ ఊరికి చెరో కొసనా ఉంటే, పిల్ల మధ్యలో ఒక్కత్తీ ఉంటుంది.

ఇక ఇల్లు చూడటం. మీరు ఆదివారాలు వచ్చి చూస్తున్నారు. ఆదివారం హైదరాబాద్ వేరే ఊరు. రోడ్లు ఖాళీ, ఇల్లుగలాయన తీరిగ్గా, నవ్వుతూ ఉంటాడు. పనిరోజున, పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆ ఇంటి ముందు నిలబడండి. అక్కణ్ణుంచి ఆఫీసుకి ఒకసారి వెళ్ళి, సాయంత్రం ఏడింటికి తిరిగి రండి. అదే ఆ ఇంటి అసలు అద్దె. టు-లెట్ బోర్డు మీద రాసింది కాదు.

నీళ్ళ సంగతి బ్రోకర్ని అడగొద్దు. వీధి మొగలో ఇస్త్రీ బండాయన ఉంటాడు, కిరాణా కొట్టు ఉంటుంది. వాళ్ళనడుగు. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది, ఎంతసేపు వస్తుంది. (కుళాయి అనకు, పుణె నుంచి వచ్చినా గోదావరి జిల్లా పిల్లవని తెలిసిపోతుంది.) మున్సిపాలిటీ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చినా అక్కడివాళ్ళు "మంజీరా నీళ్ళు" అనే అంటారు. ఇప్పుడు కృష్ణ నుంచీ, ఎల్లంపల్లి దగ్గర గోదావరి నుంచీ కూడా తోడుతున్నారు. మన రేవుకి రావలసిన నీళ్ళే నీకంటే ముందు అక్కడికి చేరాయి! పెద్ద టవర్లలో అయితే ఏప్రిల్, మే నెలల్లో రోజుకెన్ని ట్యాంకర్లు వస్తాయో, ఆ డబ్బు మెయింటెనెన్స్‌లో కలిపి ఉందో విడిగా వసూలు చేస్తారో కనుక్కో. వాచ్‌మన్ భార్యని అడిగితే ఖచ్చితంగా చెప్తుంది.

వాన గురించి కూడా. హైదరాబాద్ చెరువుల ఊరు, చాలా చెరువులు ఇప్పుడు పేర్లలోనే ఉన్నాయి. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంకు ఎక్కడుందని చిన్నప్పుడు నువ్వు అడిగావు, నేను బస్‌స్టాప్ చూపించాను. 1908లో మూసీ ముంచేశాకే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. ఆ రెండూ మూసీ వరదకే గానీ, కాలనీలో పడ్డ వాన ఎటు పోతుందో వాటికేం సంబంధం? 2020 అక్టోబరులో టోలిచౌకి నదీం కాలనీలో జనం పడవల్లో బయటికి రావలసి వచ్చింది. మీరు చూసే ఇల్లు ఏ వైపున్నా సెల్లార్‌లోకి దిగి గోడలు చూడు. మోకాలి ఎత్తులో మరక గీత ఉంటే, కొత్త సున్నం ఆ ఎత్తు వరకే వేసి ఉంటే, మారుమాట్లాడకుండా వచ్చెయ్యి. వీధిలో మిగతావాటికంటే ఎత్తుగా గడప కట్టిన ఇళ్ళు కనిపిస్తే, వాళ్ళు అనుభవించి కట్టుకున్నారని అర్థం.

కొనే మాట మాత్రం ఇప్పుడే వద్దు. అల్లుడుగారు ఈఎంఐ లెక్కలు వేస్తున్నారని విన్నాను. ఏడాదో రెండేళ్ళో అద్దెకుండి ఊరు చూశాక చూడొచ్చు. ఏ చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దులో, పడుతుందో తెలీకుండా ఫ్లాటు కొంటే ఏమవుతుందో, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక పేపరు తీసిన ప్రతివాడికీ తెలిసింది. అద్దె కాగితం పదకొండు నెలలకే రాస్తారు, కంగారు పడకు. అక్కడ అలా అలవాటైపోయింది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో అందులోనే రాయించుకో. మూసాపేట ఇల్లుగలాయన నా అడ్వాన్సులో సగం సున్నానికే లెక్క చెప్పాడు. ఆ గోడలకి నువ్వు రంగు పెన్సిళ్ళతో చేసిన అన్యాయం కూడా కొంత ఉందనుకో.

ఒక సంగతి చెప్పి ఆపేస్తాను. 2019లో ఒక పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళినప్పుడు కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాం, నేనూ మీ అమ్మా. మూసాపేట దాటుతుంటే మన వీధి కనిపిస్తుందేమోనని వంగి చూసింది. తర్వాత ఏమీ మాట్లాడలేదు. కోఠి దగ్గరికి వచ్చాక, ఇక్కడ దిగి రెండో బస్సుకి పరిగెత్తేదాన్ని, అంది. మలక్‌పేట స్టేషన్లో తలుపులు తెరుచుకున్నాయి. గడియారం చూసుకుని, "ఇంతేనా?" అంది. దిగి బడి చూసొద్దామా అంటే వద్దంది. నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మొహం చూడాలనిపించలేదు.

ఫొటోలు ఇక పంపకండి. నేనడిగినదానికి జవాబు ఇద్దరూ కలిసి రాసి పంపండి. అది వచ్చాకే టికెట్ చేస్తాను. సోమవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మంగళవారం తెల్లారేసరికి అక్కడుంటాను. టేపు, డైరీ తెస్తాను. ఎనిమిదిన్నరకి ఏ ఇంటి ముందు నిలబడాలో మీరు చెప్పండి.

బుజ్జిదానికి ముద్దులు. మీ అత్తగారిని మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడిగానని చెప్పు. లిఫ్టుకి కరెంటు పోతే జనరేటర్ ఉందో లేదో కూడా చూడండి.

ఇట్లు,
నాన్న

అమ్మలూ, ఇది అమ్మ రాస్తున్నాను. ఉత్తరం అంటించేముందు చదివాను. టికెట్ నిన్ననే చేసేశారు, నాకూ కలిపి. ఆరోజు బడికి నేను వచ్చేసరికి నీ జ్వరం తగ్గిపోయి, ఆయా ఇచ్చిన బిస్కెట్టు తింటున్నావు. అది ఆయనకి ఇప్పటికీ తెలీదు, చెప్పకు.