రైజింగా, ఫాలింగా?

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. బటన్ ఇంటరప్ట్‌కి (పిన్ మారగానే చిప్ చేస్తున్న పని ఆపి మన ఫంక్షన్‌కి దూకడం) రైజింగ్ (పిన్ వోల్టేజీ లో నుంచి హైకి ఎక్కే అంచు) పెట్టినా, ఫాలింగ్ (హై నుంచి లోకి దిగే అంచు) పెట్టినా కౌంట్ పెరుగుతోంది కదా, ఏదైతే ఏంటి అని అడిగావు. తేడా ఉందిరా, చాలా ఉంది. ఓసారి బటన్ నొక్కి, వేలు తీయకుండా అలాగే పట్టుకుని చూడు. రైజింగ్ పెట్టి ఉంటే, కాంటాక్టులు ఎగిరిపడటం సంగతి పక్కన పెడితే, నువ్వు వదిలేదాకా ఇంటరప్ట్ రాదు.

కోడ్ కాసేపు పక్కన పెట్టి వైరింగ్ చూడు. ఏమీ జరగనప్పుడు ఆ పిన్ హైలో ఉంటుందా, లోలో ఉంటుందా? బటన్ ఒక కాలు పిన్‌కి, ఇంకో కాలు గ్రౌండ్‌కి కలిపి, లోపలి పుల్‌అప్ (పిన్‌ని హైకి లాగి ఉంచే రెసిస్టర్) ఆన్ చేశానన్నావు. అంటే మామూలుగా హై, నొక్కితే లో. నొక్కిన క్షణం కావాలంటే ఫాలింగే.

ఇంకో కారణం కూడా ఉంది. లైన్‌ని కిందికి లాగేది స్విచ్చో ట్రాన్సిస్టరో, టక్కున లాగేస్తుంది. మళ్లీ పైకి తెచ్చేది మాత్రం రెసిస్టర్ ఒక్కటే. 10 కిలో ఓమ్‌ల పుల్‌అప్‌కి 100 నానోఫారడ్ల కెపాసిటర్ తగిలిస్తే టైమ్ కాన్‌స్టెంట్ (లైన్ ఎంత మెల్లగా ఎక్కుతుందో చెప్పే కొలత) 1 మిల్లీసెకను. అంత మెల్లగా ఎక్కే అంచుని నమ్ముకుని టైమింగ్ కొలవడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

అలాగని ఫాలింగ్ పెడితే బౌన్స్ పోతుందనుకోకు. వదిలేటప్పుడు కూడా కాంటాక్టులు ఎగిరెగిరి పడతాయి, లైన్ పైకి లేచి మళ్లీ కిందికొస్తుంది, ఆ దిగడం కూడా ఫాలింగే కదా! డీబౌన్స్ (ఆ ఎగరడాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేసే కోడ్) ఎలాగూ రాయాల్సిందే.

నువ్వు తర్వాత వాడతానన్న డీఎస్3231 గడియారం చిప్ సంగతి మాత్రం జాగ్రత్తగా చూడు. దాని ఇంటరప్ట్ పిన్ ఓపెన్ డ్రెయిన్ (లైన్‌ని కిందికి లాగడమే తెలుసు, పైకి తేవడానికి పుల్‌అప్ కావాలి), అలారం మోగితే లోకి వస్తుంది, కాబట్టి ఇక్కడా ఫాలింగే. కానీ అలారం ఫ్లాగ్‌ని (అలారం మోగిందని చిప్ లోపల పెట్టుకునే గుర్తు) నువ్వు క్లియర్ చేసేదాకా ఆ పిన్ లోలోనే కూర్చుంటుంది. మొదటి అలారం చక్కగా వస్తుంది, రెండోది రాదు. లైన్ పైకి లేవకపోతే దిగే అంచు ఎక్కణ్ణుంచి వస్తుంది చెప్పు? అందుకే బోర్డ్ ఆన్ అవగానే కూడా ఓసారి ఆ ఫ్లాగ్ క్లియర్ చెయ్యి, పాత అలారం అందులో మిగిలి ఉండొచ్చు. ఐ2సీ పని (ఆ గడియారం చిప్‌తో రెండు వైర్ల మీద మాట్లాడటం) ఇంటరప్ట్ ఫంక్షన్‌లో పెట్టకు. అక్కడ ఓ వేరియబుల్ సెట్ చేసి, మిగతాది లూప్‌లో చూసుకో. ఆ వేరియబుల్ వోలటైల్‌గా (ఎప్పుడైనా మారొచ్చు, ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే మాట) ఉండాలి సుమా.

రెండు అంచులూ కావాల్సినవీ ఉన్నాయి. శబ్దంతో దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ ఎకో పిన్ ఎంతసేపు హైలో ఉందన్నదే దూరం, సెంటీమీటరుకి దాదాపు 58 మైక్రోసెకన్లు. దానికి ఛేంజ్ (రెండు అంచులకీ ఇంటరప్ట్) పెట్టి, లోపల పిన్ చదివి ఎక్కిందో దిగిందో తేల్చుకో.

నీ బటన్ వైరుకి కెపాసిటర్ ఏమైనా పెట్టావా? సర్క్యూట్ బొమ్మ గీసి పంపు, చూసి చెప్తాను.

నీ
శీను