హాలు స్పీకర్లలో బేస్ గిటార్ వద్దనడం ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పబ్లిక్ హాళ్లలో సంగీత కార్యక్రమాల మోత ఎక్కువవుతోందని, నియమాలు గట్టిగా పెట్టాలని మీ పత్రికలో ఈమధ్య కొందరు పాఠకులు రాస్తున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ అందులో ఒక సూచన మాత్రం నాకు మింగుడు పడలేదు. హాల్లో ఉన్న పవర్డ్ స్పీకర్లను (ఆంప్లిఫయర్ లోపలే ఉండేవి) ఉపన్యాసాలకు, పాడేవాళ్లకు మాత్రమే ఇవ్వాలట, బేస్ గిటార్ వాయించేవాళ్లు ఎవరి ఆంప్ (సొంత స్పీకరు ఉన్న ఆంప్లిఫయర్ డబ్బా) వాళ్లు తెచ్చుకోవాలట. మోత తగ్గాలనుకునేవాళ్లు అడగాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. బేస్ హాలు స్పీకర్లలోంచే రావాలి, స్టేజీ మీద వేరే ఆంప్ లేకపోతే ఇంకా మంచిది.

ఈ నియమం కొన్ని హాళ్లలో ఇప్పటికే ఉంది. నేను బేస్ వాయిస్తాను. మా బ్యాండ్ వాయించిన ఒక హాల్లో మిక్సర్ (అన్ని మైకుల, వాయిద్యాల శబ్దాన్ని కలిపి సర్దే పరికరం) పక్కనే "బేస్ గిటార్ కనెక్ట్ చేయరాదు" అని కాగితం అంటించి ఉంది. కారణం అడిగితే "స్పీకర్లు చిరిగిపోతాయండీ" అన్నారు. మేం వెళ్లేసరికి అవే స్పీకర్లలో డాన్స్ ప్రాక్టీసు కోసం రికార్డు పాటలు మోగుతున్నాయి. వాటిలో కిక్ డ్రమ్మూ ఉంది, సింథ్ బేసూ ఉంది. వాటికి లేని అభ్యంతరం చేత్తో వాయించే బేస్‌కే ఎందుకో అక్కడ ఎవరూ చెప్పలేకపోయారు.

అలాగని ఆ భయం ఒట్టిదేమీ కాదు. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 కంపనాలతో మోగుతుంది. ఐదో తీగ ఉంటే 31 దాకా దిగుతుంది. స్వరం ఎంత కిందికి దిగితే స్పీకర్ కోన్ (శబ్దం పుట్టించే గరాటు) అంత ఎక్కువగా ముందుకూ వెనక్కూ ఊగాలి. గట్టితనం తగ్గకుండా ఒక ఆక్టేవ్ కిందికి, అంటే సగం హెర్ట్జ్‌కు వెళ్తే ఆ ఊపు నాలుగింతలవుతుంది. పైగా ఇలాంటి డబ్బాల్లో చాలావాటికి ముందువైపు గాలి పోయే రంధ్రం ఉంటుంది. ఆ డబ్బాను ఏ స్వరానికి ట్యూన్ చేశారో అంతకన్నా కిందికి దిగితే లోపలి గాలి కోన్‌ను పట్టి ఉంచలేదు. శబ్దం పెద్దగా రాదు, కోన్ మాత్రం అదేపనిగా కొట్టుకుంటుంది. రికార్డు పాటలో హెచ్చుతగ్గులను ముందే కంప్రెసర్‌తో సరిచేసి ఉంటారు. వేలితో గట్టిగా లాగిన తీగ అలా కాదు, ఒక్కసారిగా ఎగురుతుంది. సిబ్బంది భయానికి మూలం ఇదే.

కానీ ఇప్పటి పవర్డ్ స్పీకర్లలో చాలావాటికి లిమిటరు, ఫిల్టరు లోపలే ఉంటాయి. మరీ కింది స్వరాలను అవే కోసేస్తాయి, సిగ్నల్ హద్దు దాటితే అవే నొక్కేస్తాయి. కాబట్టి మామూలుగా జరిగేది చిరగడం కాదు, పాట పాడవడం. ఒకే జత స్పీకర్లలోంచి గాత్రమూ బేసూ కలిసి వస్తున్నప్పుడు బేస్ వల్ల లిమిటర్ పనిచేసిందంటే దాంతోపాటు పాడేవాళ్ల గొంతు కూడా కిందికి పోతుంది. వింటున్నవాళ్లకు గాయకుడు మైకుకు దూరం జరిగినట్టు అనిపిస్తుంది. తిట్లు ఆయనకు, తప్పు మాది.

దీనికి మందు తేలిక. మిక్సర్‌లో బేస్ ఛానల్‌కు 40 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది శబ్దాన్ని తగ్గించేది) పెడితే చాలు, ఐదు తీగల వాళ్లకైతే 30 దగ్గర. స్వరం పోతుందని బేస్ వాయించేవాళ్లు గొడవ పెడతారని తెలుసు. కానీ మనం బేస్ ఆంప్‌లో వినేదీ ఆ అట్టడుగు స్వరం కాదు. 1969లో 300 వాట్ల ఎస్‌వీటీ అనే బేస్ ఆంప్‌తో పేరు తెచ్చుకున్న ఆంపెగ్ కంపెనీ వాళ్ల ఎనిమిది స్పీకర్ల క్యాబినెట్‌నే చూడండి. బీరువా అంత ఉంటుంది, బరువు 60 కిలోల పైమాటే. ఇప్పటి మోడల్‌కు కంపెనీ ఇచ్చిన లెక్కల్లోనే 58 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి శబ్దం 3 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే శక్తి సగమవుతుంది. మన చెవికి బేస్‌గా తగిలేది చాలావరకు ఆ లావు తీగ స్వరానికి పై ఆక్టేవ్, అంటే 82 హెర్ట్జ్, ఆ పైన ఉండే మిగతావి. 50 హెర్ట్జ్ దాకా నిజంగా పలికే 12 లేదా 15 అంగుళాల పవర్డ్ స్పీకర్‌కు ఇది అందని పనేమీ కాదు.

ఆంప్ లేకపోతే బేస్ బేస్‌లా ఉండదనేవాళ్లకు ఇంకో మాట. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్ 1960ల రికార్డింగుల్లో జేమ్స్ జేమర్సన్ వాయించిన బేస్ ఎక్కువగా నేరుగా స్టూడియో కన్సోల్‌లోకే వెళ్లేది. పెద్ద కచేరీల్లో జనం వినేది కూడా పీఏలోంచి, అంటే జనం వైపు పెట్టిన స్పీకర్లలోంచి వచ్చే బేసే. వెనకున్న ఆంప్ వాయించేవాళ్ల కోసం. (వీపుకు ఆ గాలి తగిలితే వచ్చే హుషారు వేరు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ మా హుషారు కోసం హాలు పక్కింటివాళ్లు నిద్ర ఎందుకు పాడుచేసుకోవాలి?)

పక్కిళ్ల మాట వచ్చింది కాబట్టి డెసిబెల్స్ సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి వేదికల్లో శబ్దం 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. ఇది వింటున్నవాళ్ల చెవుల కోసం పెట్టింది, ఇరుగుపొరుగు కోసం కాదు. దాన్ని కొలిచే ఏ-వెయిటింగ్ పద్ధతిలో (చెవి వినే తీరుకు తగ్గట్టు సర్దే లెక్క) 40 హెర్ట్జ్ శబ్దాన్ని దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తారు. మీటర్ అంతా బాగుందంటుంది, పక్కింట్లో కిటికీ అద్దాలు అదురుతుంటాయి. గోడలు దాటి పోయేది ఎక్కువగా ఈ కింది శబ్దమే. స్టేజీ మీద సొంత ఆంప్ ఉంటే దాని గొంతు ఎవరి చేతిలో ఉంటుంది? నా చేతిలో. ఆంప్ మోకాళ్ల ఎత్తులో ఉంటుంది, స్వరంలో స్పష్టత ఇచ్చే పై భాగమంతా నా కాళ్లకు తగిలి పోతుంది. నాకు వినిపించడం లేదని కొంచెం పెంచుతాను. డ్రమ్మర్ ఇంకొంచెం గట్టిగా కొడతాడు. గిటార్ అతను ఊరుకుంటాడా? మిక్సర్ దగ్గరున్న మనిషి గొంతులు వినపడాలని మొత్తం పెంచడం తప్ప ఏమీ చేయలేడు. బేస్ కూడా మిక్సర్‌లోంచే పోతే ఒక్క ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) కిందికి లాగితే సరిపోతుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఒక షరతు ఉంది. గిటార్ కేబుల్‌ను తీసుకొచ్చి మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చేస్తే పని జరగదు. బ్యాటరీ లేని పాసివ్ బేస్ పికప్‌లకు (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చేవి) 1 మెగా ఓమ్, అంటే వెయ్యి కిలో ఓమ్‌ల దరిదాపుల్లో నిరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. లైన్ ఇన్‌పుట్లు సాధారణంగా పదీ ఇరవై కిలో ఓమ్‌ల దగ్గర ఉంటాయి. శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తుంది, దాన్ని సరిచేయాలని గెయిన్ (సిగ్నల్ పెంచే నాబ్) తిప్పుతారు, ఎర్ర లైటు వెలుగుతుంది, అక్కడి నుంచి స్పీకర్‌కు నిజంగానే కష్టాలు మొదలవుతాయి. మధ్యలో గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే, అరచేతిలో పట్టే డీఐ బాక్స్ ఒకటి ఉంటే ఈ గోలంతా ఉండదు. ఒకవైపు గిటార్ కేబుల్, రెండోవైపు మైకులకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్. హమ్ వస్తుంటే పక్కనున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కి చూడొచ్చు. హాలు సామాన్లలో మైకులు, స్టాండ్లు ఉన్నట్టే ఇదీ ఒకటి ఉండాలి. ఇంకా చెప్పాలంటే, పై స్వరాల కోసం హార్న్ ఉన్న స్పీకర్లలో తీగ ఫ్రెట్టుకు తగిలే టకటకలు కూడా స్పష్టంగా వినిపిస్తాయి. ఐదు కిలోహెర్ట్జ్‌కు పైన కొంత తగ్గించుకుంటే ఆంప్‌కు అలవాటు పడ్డ చెవికి ఇబ్బంది ఉండదు.

ప్రతి హాల్లోనూ ఇది కుదురుతుందని నేను అనడం లేదు. ఎనిమిది, పది అంగుళాల చిన్న స్పీకర్లు మాత్రమే ఉండి, డ్రమ్మర్ గట్టిగా వాయించే బ్యాండ్ అయితే కుదరదు. అక్కడ సబ్‌వూఫర్ (కింది స్వరాలకే కేటాయించిన స్పీకర్) కావాలి. వంద హెర్ట్జ్ దరిదాపుల్లో విడగొట్టి కిందిదంతా దానికి అప్పగిస్తే స్టాండ్ మీది స్పీకర్లు గొంతుల పని చూసుకుంటాయి. సబ్‌ను నేల మీదే పెడతారు కాబట్టి నేల కూడా కొంత బేస్‌ను పెంచుతుంది. స్టాండ్ ఎక్కించిన స్పీకర్‌కు ఆ లాభం లేదు. సబ్ లేని చోట చిన్న ఆంప్ తెచ్చుకోమనడంలో న్యాయముంది. అన్ని చోట్లా ఒకే కాగితం అంటించడమే అన్యాయం.

ఈ హాళ్లు నడిచేది జనం డబ్బుతో. స్పీకర్లు కొనేటప్పుడు డబ్బా మీద "2000 వాట్స్" అని ఉన్నది చూసి సంతకం పెట్టకూడదు. అది చాలాసార్లు పీక్ లెక్క, అంటే రెప్పపాటు శక్తి. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. ఎంత కిందికి దిగాక 3 డెసిబెల్స్ తగ్గుతుందో, ఆగకుండా ఎంత శక్తి ఇవ్వగలదో కంపెనీ కాగితంలో రాసి ఉన్నదీ లేనిదీ చూడాలి. 10 డెసిబెల్స్ పడిపోయిన చోటును చూపించి "ఇంత కిందికి పలుకుతుంది" అని అమ్మేవాళ్లుంటారు.

హాళ్ల నిర్వాహకులను నేను కోరేది ఒకటే. గోడ మీద కాగితం ఉండనివ్వండి, రాత మార్చండి: "బేస్ గిటార్ డీఐ ద్వారా మాత్రమే. హై-పాస్ ఫిల్టర్ తప్పనిసరి. లిమిటర్ లైటు వెలుగుతూనే ఉంటే వాల్యూమ్ తగ్గిస్తాం." ఈ మూడో మాట దగ్గర మా బేస్ వాళ్లతో వాదన వస్తుంది. వచ్చినా తగ్గకండి.

ఇట్లు,
ఒక బేస్ గిటారిస్టు