ఆదివారం పని: పాత ఇంటి స్థలం చరిత్ర

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 10 గంటలకు స్థలం దగ్గరే కలుద్దాం.

దస్తావేజులు చూసేవాళ్లు తాజాదానితో మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. పాతదాని నుంచి ముందుకొస్తే స్థలం ముక్కలైన చోట దారి తప్పుతుంది. ఇంటి నంబర్లను అసలు నమ్మొద్దు, మధ్యలో మారిపోతుంటాయి. హద్దులు, పక్క యజమానుల పేర్లే ఆధారం.

మ్యాపులవాళ్లు: ఒకదానిపై ఒకటి పెట్టేముందు స్కేలు కలపండి. కదలని గుర్తులు కనీసం మూడు సరిపోవాలి. మ్యాపు మీద ఉండేది తరచూ అచ్చయిన ఏడాది, సర్వే అంతకుముందే అయి ఉంటుంది.

గోడలో ఇటుకల (లేదా రాళ్ల) మధ్య అతుకులు మేకుతో మెల్లగా గీయండి. పొడి రాలితే సున్నం కావచ్చు. గట్టి సిమెంటు తగిలిందా? ఇల్లే కొత్తదనుకోకండి, మరమ్మతు అయ్యుండొచ్చు.

ఫొటోలో కొలబద్ద తప్పనిసరి!

ఎవరు ఏ పనో శనివారం రాత్రిలోగా ఇక్కడే రాయండి.