శనివారం త్రీ-పాయింటర్ల సాయంత్రం 🏀

అందరికీ నమస్కారం!

ఈ శనివారం సాయంత్రం 4 గంటలకు క్లబ్‌హౌస్‌కి వచ్చేయండి. ముందు ఒక పాత బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూద్దాం, తర్వాత కోర్టులో ఆడదాం.

చూసేది 2008 మార్చి 21న అమెరికాలోని రాలీలో జరిగిన డేవిడ్‌సన్–గొంజాగా కాలేజీ జట్ల మ్యాచ్. డేవిడ్‌సన్ ఆటగాడు స్టెఫ్ కరీ 40 పాయింట్లు కొట్టాడు. 10 త్రీలు (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే 8 పడ్డాయి! ఆ సీజన్ మొత్తంలో 162 త్రీలు, కాలేజీ రికార్డు. 2022-23లో డెట్రాయిట్ మెర్సీ యూనివర్సిటీ కుర్రాడు ఆంట్వాన్ డేవిస్ 159 దాకా వచ్చి ఆగాడు. కాలేజీ కెరీర్ మొత్తంలో త్రీల రికార్డు మాత్రం డేవిస్‌దే: 588.

ఒక్క మాట. కరీ ఆ సీజన్‌లో ఆడినప్పుడు త్రీ-పాయింట్ గీత బాస్కెట్‌కి 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది. డేవిస్ 159 వేసింది 22 అడుగులు దాటిన గీత నుంచి. అందుకే నా ఓటు డేవిస్‌కే. రెండు గీతలూ సుద్దముక్కతో గీసి ఉంచుతాను. రెండు చోట్ల నుంచీ వేసి చూడండి, తేడా భుజానికే తెలుస్తుంది.

వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి.
బాల్ ఉన్నవాళ్లు తీసుకురండి, కనీసం నాలుగు కావాలి.
నీళ్ల బాటిల్, షూస్ తప్పనిసరి. చెప్పులతో కోర్టులోకి వద్దు, జారతారు.
పిల్లలు దగ్గరి గీత నుంచే వేస్తారు.

మర్చిపోకండి: వాన పడితే ఆదివారం, అదే టైమ్‌కి.